పారిస్, రోమ్, బార్సిలోనా: అమ్మానాన్నలతో వెళ్తున్నాం, జేబుదొంగల సంగతి వివరంగా చెప్పండి

నల్లకుంట నాని:

నమస్తే అండీ. సెప్టెంబరులో మేమిద్దరం, అమ్మ, నాన్న, మొత్తం నలుగురం వెళ్తున్నాం. పారిస్ 4 రాత్రులు, రోమ్ 3, బార్సిలోనా 3. ప్యాకేజీ టూరు తీసుకోలేదు, మెట్రోలూ రైళ్లూ పట్టుకుని మేమే తిరుగుతాం. నాన్నకి 66. పర్సు ప్యాంటు వెనక జేబులో, ఫోను చొక్కా జేబులో, ఇది ఆయన యూనిఫాం. అమ్మ పుస్తెలతాడు తీసే ప్రసక్తే లేదంటోంది.

"జాగ్రత్తగా ఉండండి" అని చెప్పేవాళ్లు బోలెడంతమంది దొరికారు. ఎక్కడ, ఎలా అన్నది ఎవరూ చెప్పట్లేదు. పాస్‌పోర్టు హోటల్లో పెట్టాలా, వెంట ఉంచుకోవాలా? డబ్బు ఎంత, కార్డులు ఎన్ని? పోతే మొదటి గంటలో ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్తే మేలు.

సీన్ ఒడ్డు:

నానిగారూ, ముందు వాళ్ల పని ఎలా సాగుతుందో చూడండి, సగం జాగ్రత్తలు మీకే తడతాయి. ఇది జట్టు పని, ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకరు మీ ముందు నడుస్తూ ఠక్కున ఆగుతారు, వెనకున్నవాళ్లు మీ మీదికి తోసుకొస్తారు, ఆ సందట్లో ఒక చెయ్యి పని కానిచ్చేస్తుంది. సరుకు అదే క్షణంలో ఇంకొకరికి చేరిపోతుంది. అందుకే అనుమానమొచ్చి ఎవర్ని పట్టుకున్నా వాళ్ల దగ్గర ఏమీ దొరకదు. చూడ్డానికి దొంగల్లా ఉంటారనుకోకండి. పారిస్ మెట్రోలో చాలాసార్లు టీనేజి అమ్మాయిలే, శుభ్రమైన బట్టలు, చేతిమీద వేలాడేసిన కోటో స్కార్ఫో. ఆ కోటు పని చలి ఆపడం కాదు, కింద చెయ్యి కనబడకుండా చూడటం.

తోసుకోవడానికి సాకు దొరికే చోట్లు మూడు: ఎస్కలేటరు చివర, టికెట్ గేటు, రైలు తలుపు. తలుపు మరీ ప్రమాదం. మూసుకునే ముందు హారన్ మోగుతుంది. ఆ మోతతోపాటే మీ చేతిలో ఫోను లాక్కుని దిగిపోతారు. తలుపులు పడ్డాక మీరు లోపల, ఫోను బయట. కాబట్టి బోగీ మధ్యకి జరగండి, తలుపు పక్కన మడత సీట్లలో కూర్చుని మ్యాపు చూడొద్దు. 6వ లైన్లో పాసీ, బీర్ హకీమ్ స్టేషన్ల మధ్య రైలు నది మీదుగా పోతుంది, పక్కన ఐఫిల్ టవర్ కనబడుతుంది, బోగీలో ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. చేతులన్నీ పైన, జేబులన్నీ కింద.

1వ లైను, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు, గార్ దు నోర్, షాత్లే స్టేషన్లలో మెలకువగా ఉండాలి. టికెట్ కొని లోపలికెళ్లాం కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. 2013 ఏప్రిల్లో జేబుదొంగల బాధ పడలేక లూవ్ర్ సిబ్బంది పని ఆపేస్తే మ్యూజియం మూతపడింది. 2015 మేలో ఐఫిల్ టవర్ సిబ్బంది కూడా ఇదే కారణంతో కొన్ని గంటలు టవర్ మూయించారు.

మోసాల్లో మీకు తప్పక ఎదురయ్యేది సాక్రేకర్ చర్చి ఉన్న కొండ కింద దారాలవాళ్లు. మాటల్లో పెట్టి వేలికి దారం చుట్టి బ్రేస్‌లెట్ అల్లేస్తారు, ముడి బిగిశాక డబ్బు అడుగుతారు. ఎవరైనా చెయ్యి చాపితే మనమూ చాపుతాం, అదే వాళ్ల పెట్టుబడి. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నడవండి. ఇంకా తేలిక ఏంటంటే, పక్కనే ఫ్యూనిక్యులర్, అంటే కొండెక్కించే చిన్న రైలు ఉంది, మెట్రో టికెట్టే దానికీ చెల్లుతుంది. పెద్దవాళ్ల మోకాళ్లకీ మంచిది.

అట్టమీద కాగితం పెట్టుకుని, మూగ చెవిటి పిల్లల కోసం సంతకం చేయమనే అమ్మాయిల్ని అసలు పట్టించుకోవద్దు. మీరు సంతకం పెడుతుంటే అట్ట మీ బ్యాగు మీద కప్పుతుంది, కింద నుంచి చెయ్యి వస్తుంది. మూడు గిన్నెల ఆట దగ్గర చూడ్డానికి కూడా నిలబడొద్దు. పందెం గెలుస్తున్నట్టు కనబడేవాళ్లు ఆ జట్టువాళ్లే, చుట్టూ మూగినవాళ్ల జేబుల మీదా వాళ్ల కన్నుంటుంది. కాళ్ల దగ్గర "మీ ఉంగరమేనా" అంటూ దొరికినట్టు చూపించేది ఇత్తడి.

టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తానని వచ్చేవాడు మీ దగ్గర వారం పాసు డబ్బు తీసుకుని చేతిలో పిల్లల టికెట్ పెడతాడు. తర్వాత చెకింగులో జరిమానా కట్టేది మీరు. మెట్రో టికెట్లు వేసుకునే నావిగో ఈజీ కార్డులు నలుగురికీ నాలుగు కొనండి. కార్డు ఖరీదు 2 యూరోలు, ఒకే కార్డు మీద ఇద్దరు కలిసి ప్రయాణం చేయడం కుదరదు. దిగి బయటికొచ్చేదాకా జేబులోనే ఉంచండి.

కాకినాడ కాజా:

నానీ, అమ్మగారితో వాదన పెట్టుకోవద్దు. ఓ పది రోజులకి సూత్రాలు పసుపుతాడుకి మార్చుకోమని అడుగు, అది మనవాళ్లకి కొత్తేమీ కాదు కాబట్టి ఒప్పుకోవచ్చు. లేదంటే సన్న నల్లపూసలు, మెడ దాకా మూసే టాప్ లోపల. బరువైన తాడు బట్టల కింద ఉన్నా మెడ దగ్గర తెలిసిపోతుంది. గాజులు, రెండో గొలుసు ఇంట్లోనే. తప్పదంటే బయల్దేరేటప్పుడు మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఈ బంగారం ఎక్కడిదన్న ప్రశ్న రాదు.

బ్యాగు ఒంటికి అడ్డంగా వేసుకునేది కావాలి. బొడ్డు మీద ఉండాలి, పిరుదు మీద కాదు. జిప్పు తెరుచుకునే చివర మీ ముందు వైపుకి రావాలి. జిప్పు ముక్కనీ పక్కనున్న రింగునీ కలిపి ఒక పిన్నీసు గుచ్చండి. తాళం అక్కర్లేదు. రెండు మూడు సెకన్లు ఎక్కువ పడితే దొంగ ఆ బ్యాగు వదిలేసి పక్క బ్యాగు చూసుకుంటాడు. అమ్మ గాజులకి వేలాడే పిన్నీసులు చాలు ఊరందరికీ.

హోటల్ సంగతి చాలామంది మర్చిపోతారు. పొద్దున బఫేలో కుర్చీమీద బ్యాగు పెట్టి ప్లేటు తెచ్చుకోవడానికి వెళ్తారు, ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు. అక్కడ అలా కుదరదు. గదిలో ఉండనివాళ్లు కూడా లాబీలోకి, టిఫిన్ హాల్లోకి నడిచి వచ్చేస్తారు. ఒకరు కూర్చుంటే ముగ్గురు వెళ్లండి. చెక్ ఇన్ అప్పుడు కూడా ఒకరు సామాన్ల మీద చెయ్యేసి నిలబడితే చాలు, నలుగురూ కౌంటరు మీదికి వంగక్కర్లేదు. బయట తినడానికి కూర్చున్నప్పుడు బ్యాగు కుర్చీ వెనక తగిలించొద్దు, పట్టీ తొడ చుట్టూ తిప్పి ఒళ్లో పెట్టుకోవాలి.

నాన్నగారికి ఆన్‌లైన్లో మనీ బెల్టు కొంటే రెండ్రోజుల్లో విసుగుపుట్టి తీసేస్తారు. జేబు బనియన్ కొనండి, పెద్దవాళ్లకి అది అలవాటైన వస్తువే. ఇంకా మంచిది, మీ టైలరు చేత ప్యాంటు లోపలివైపు, నడుంపట్టీ కింద, 11 సెంటీమీటర్ల వెడల్పు, 15 లోతు జేబు కుట్టించండి, పైన జిప్పు. పాస్‌పోర్టు సుమారు 9 బై 12.5 కాబట్టి హాయిగా పడుతుంది. కానీ ఆ జేబు రోడ్డు మీద ఎప్పుడూ తెరవకూడదు. తెరిస్తే ఎక్కడుందో చూపించినట్టే. ఆ రోజు ఖర్చు డబ్బు గదిలోనే తీసి ముందు జేబులో వేసుకోవాలి. చొక్కా జేబులో కళ్లజోడు తప్ప ఏమీ వద్దు.

ఫారెక్స్ బాబాయ్:

డబ్బు సంగతి నేను చెప్తా. నలుగురూ కలిసి రోజుకి 60 నుంచి 80 యూరోల నోట్లు ఉంటే చాలు, మిగతా అంతా కార్డే. 5, 10, 20 నోట్లు ఉంచుకోండి. 50 నోటు ఇవ్వాల్సివస్తే "ఫిఫ్టీ" అని పైకి అంటూ ఇవ్వండి, తర్వాత "మీరు 20 ఇచ్చారు" అనే మాట రాదు.

కార్డులు మూడు. రోజువారీకి యూరో ఫారెక్స్ కార్డు (ముందే యూరోలు వేసుకుని వాడేది) మీ దగ్గర, వేరే బ్యాంకు కార్డు మీ ఆవిడ దగ్గర, మూడోది గదిలో లాకర్లో. ఒకే బ్యాంకువి మూడు ఉంటే లాభం లేదు, యాప్ మొరాయిస్తే మూడూ ఆగుతాయి. ఫారెక్స్ కార్డులో మొత్తం ఒకేసారి వేయకండి. 300, 400 చొప్పున వేసుకుంటూ పోండి. రీలోడ్ చేశాక ఎంతసేపటికి పడుతుందో ఇక్కడున్నప్పుడే ఒకసారి వేసి చూసుకోండి.

ట్యాప్, అంటే కార్డు మెషీన్‌కి తాకించి కట్టే సంగతి గుర్తుంచుకోండి. మన దగ్గర పిన్ లేకుండా 5,000 రూపాయలు, అక్కడ మూడు దేశాల్లోనూ 50 యూరోలు. పోయిన కార్డు మీద మీరు గమనించేలోపే 50కి లోపు బిల్లులు రెండు మూడు పడిపోవచ్చు. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధన వల్ల షాపు మెషీన్, ఏటీఎం, ఆన్‌లైన్, ట్యాప్, ప్రతిదానికీ బ్యాంకు యాప్‌లో విడివిడి స్విచ్చులూ పరిమితులూ ఉన్నాయి. షాపు మెషీన్ మాత్రం ఆన్ చేసి ఉంచండి. ఏటీఎం స్విచ్ మెషీన్ ముందు నిలబడ్డాక ఆన్ చేసి, తీయగానే ఆఫ్ చేయండి. రోమ్ మెట్రోలో గేటు దగ్గర కార్డు ట్యాప్ చేసి వెళ్లొచ్చు, ఆ ఒక్క పనికి తక్కువ డబ్బున్న కార్డు వాడండి.

మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమొచ్చిన రేటు వేస్తారు. మీది యూరో ఫారెక్స్ కార్డయితే మరీ దండగ: యూరో రూపాయై, రూపాయి మళ్లీ యూరో అయి, రెండు వైపులా కోత పడుతుంది. ఇది దొంగతనం కాదు, చట్టబద్ధమే, కానీ పది రోజుల ట్రిప్పులో చాలామంది జేబుదొంగకి పోగొట్టుకున్న దానికంటే దీనికే ఎక్కువ పోగొట్టుకుంటారని నా అంచనా. సావనీర్ షాపుల పక్కన గోడకి ఉండే ప్రైవేటు ఏటీఎంలు వదిలేసి బ్యాంకు లోపలున్నవి వాడండి. కార్డు ఇరుక్కుంటే కదలొద్దు. "పిన్ మళ్లీ కొట్టి చూడు" అని సలహా ఇచ్చేవాడే దాన్ని ఇరికించినవాడు. అక్కడే నిలబడి యాప్‌లో కార్డు ఆపేయండి.

ఇప్పుడు అసలు విషయం, ఫోను. పర్సు పోతే వంద యూరోలు పోతాయి. ఇండియా సిమ్ ఉన్న ఫోను పోతే ఓటీపీ పోతుంది. ఓటీపీ లేకపోతే కొత్త ఫోనులో బ్యాంకు యాప్ తెరుచుకోదు, డబ్బు పంపించుకోలేరు. అందుకే ఇంట్లో మూలన పడున్న పాత ఫోను ఒకటి తీసుకెళ్లండి. ఇండియా సిమ్ అందులో వేసి గదిలో లాకర్లో పెట్టండి, బ్యాంకు యాప్‌లు కూడా అందులోనే. బయట తిరిగే ఫోనులో యూరప్ ఈసిమ్ ఒక్కటే. కార్డు స్విచ్చులు బయట కూడా కావాలంటే ఒక్క ఫారెక్స్ కార్డు యాప్ మాత్రం దీన్లో పెట్టుకోండి.

ఇండియా సిమ్‌కి సిమ్ పిన్ పెట్టండి. మామూలు స్క్రీన్ లాకు సరిపోదు, ఎందుకంటే దొంగ సిమ్ పీకి వేరే ఫోనులో వేస్తే ఓటీపీలు వాడికే వస్తాయి. మొదటి పిన్ ఎంతో మీ కంపెనీని అడిగి తెలుసుకునే మార్చండి, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి, దాన్ని తెరవడానికి కంపెనీ ఇచ్చే పీయూకే కోడు కావాలి. లాక్ స్క్రీన్ మీద మెసేజీలు కనబడకుండా ఆపండి. ఐఫోన్ అయితే స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్, ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఆన్ చేయండి. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసుకోండి, పోలీసు రిపోర్టులో అడుగుతారు. ఆ కాగితం మీదే బ్యాంకుల +91 నంబర్లు కూడా రాయండి, 1800 నంబర్లు బయటి దేశాల నుంచి సాధారణంగా కలవవు.

ఓరుగల్లు పిలగాడు:

అన్నా, పాస్‌పోర్టు హోటల్ లాకర్ల పెట్టుడే మంచిది. జేబుల కలర్ జిరాక్స్ పెట్టుకో, ఫోన్ల ఫోటో పెట్టుకో. ఎందుకంటే పాస్‌పోర్టు పోయిందంటే వీసా గూడ దాంతోనే పోతది. ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు వాపస్ వచ్చేందుకు మాత్రమే, ఒక్క దిక్కు ప్రయాణం. పారిస్‌ల పోతే రోమ్, బార్సిలోనా మర్చిపోవుడే అనుకో. రిటర్న్ ఫ్లయిట్ ఇంకో దేశంల మారేదుంటే ఆ కాగితం మీద ఎక్కనిస్తరా లేదా ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలె, కొన్ని దేశాలకు ట్రాన్సిట్ వీసా అడ్డమొస్తది.

ఎంబసీలు పారిస్‌ల, రోమ్‌ల ఊర్లనే ఉన్నయి. స్పెయిన్‌ల ఎంబసీ మాడ్రిడ్‌ల ఉన్నది, కానీ బార్సిలోనాల గూడ మన కాన్సులేట్ 2024ల తెరిచిన్రు. మనిషికి నాలుగు పాస్‌పోర్టు ఫోటోలు, మొదటి పేజీ, ఆఖరి పేజీ, వీసా పేజీ జిరాక్సులు వేరే సంచిల పెట్టు. ట్రిప్పుకు రానోళ్లకు ఎవరికన్న అవే వాట్సాప్ జేసి పెట్టు.

సీన్ ఒడ్డు:

దీని మీద నాది కొంచెం వేరే మాట. ఈ మూడు దేశాల్లోనూ విదేశీయుల్ని గుర్తింపు పత్రాలు చూపించమనే అధికారం పోలీసులకి ఉంది, జిరాక్స్ చూసి వదిలేయడం వాళ్ల మంచితనం. మామూలు రోజున లాకరే సరైనది, ఒప్పుకుంటాను. కానీ ఊరు మారే రోజు, పన్ను వాపసు కోసం పెద్ద షాపింగ్ చేసే రోజు ఒరిజినల్ కావాలి. ఆ రోజుల్లో ఎవరిది వాళ్ల లోపలి జేబులో ఉండాలి. నాలుగు పాస్‌పోర్టులూ ఒకే పౌచ్‌లో పెట్టి ఇంటిపెద్ద మెడలో వేయడం మన కుటుంబాల అలవాటు. పోతే నాలుగూ ఒకేసారి పోతాయి.

బార్సా తమ్ముడు:

బార్సిలోనాలో జాగ్రత్తపడాల్సిన చోట్లు: టూరిస్టులు తిరిగే లా రాంబ్లా వీధి, దాని కింద పోయే ఎల్3 మెట్రో లైను (కాతలున్యా, లిసేవు, ద్రసానెస్ స్టేషన్లు), సాంట్స్ స్టేషన్, బార్సెలోనేటా బీచ్. ఇక్కడ ప్రత్యేకం "పిట్ట రెట్ట" వేషం. వెనక నుంచి ఏదో ద్రవం మీ చొక్కా మీద చల్లుతారు, ఇంకొకరు టిష్యూ కాగితాలతో వచ్చి తుడుస్తామంటారు. తుడిచే చెయ్యి ఒకటి, వెతికే చెయ్యి ఇంకొకటి. ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా నేరుగా ఏదైనా షాపులోకి దూరండి, మరక హోటల్లో కడుక్కోవచ్చు. మామూలు బట్టల్లో వచ్చి కార్డు తళుక్కుమనిపించి "పోలీస్, నకిలీ నోట్లు చెక్ చేయాలి" అనేవాళ్లకి పర్సు ఇవ్వొద్దు. అసలు పోలీసులు మీ డబ్బు లెక్కపెట్టరు. 112కి కాల్ చేస్తానని ఫోను తీయండి.

ఇక్కడ అదే మనుషులు మళ్లీ మళ్లీ ఎందుకు తిరుగుతారంటే, స్పెయిన్ చట్టంలో బలప్రయోగం లేకుండా 400 యూరోల లోపు కాజేస్తే మామూలుగా చిన్న నేరం కిందే లెక్క. శిక్ష జరిమానా.

పోతే ఏం చేయాలో వరస చెప్తాను. ముందు పక్కవాళ్ల ఫోను నుంచి ఆ ఫోనుని లాక్ చేయండి (ఆండ్రాయిడ్‌కి ఫైండ్ హబ్, ఐఫోన్‌కి ఐక్లౌడ్. పాస్‌వర్డు నోటికి వచ్చి ఉండాలి, రెండో దశ కోడు ఆ పోయిన ఫోనుకే వచ్చేట్టు ఉండకూడదు). తర్వాత కార్డులు. చుట్టుపక్కల చెత్తడబ్బాలు ఓసారి చూడండి, డబ్బు తీసుకుని పర్సు పడేస్తారు. అప్పుడు పోలీసు స్టేషన్. ఇక్కడ మోసోస్ (ఈ ప్రాంతపు పోలీసులు) స్టేషన్ రాంబ్లాకి దగ్గర్లో నోవు దె లా రాంబ్లా వీధిలో ఉంది. "దెనూన్సియా", అంటే ఫిర్యాదు కాపీ తీసుకుని, పేరు, పాస్‌పోర్టు నంబరు, ఐఎంఈఐ సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే సరిచూసుకోండి. అందులో "ఉర్తో" అని రాస్తే నెమ్మదిగా కాజేశారని, "రోబో" అంటే బలవంతంగా గుంజుకున్నారని. చాలా ట్రావెల్ ఇన్సూరెన్సులు ఈ రెండింటినీ వేరుగా చూస్తాయి, కాబట్టి జరిగింది జరిగినట్టు వివరంగా చెప్పండి. బ్యాగు లాగితే లాగారనే చెప్పాలి. అబద్ధం మాత్రం కలపొద్దు, తప్పుడు ఫిర్యాదు నేరం. పాలసీలో ఎన్ని గంటల్లోపు రిపోర్టు ఉండాలన్నారో ఇప్పుడే చదివి పెట్టుకోండి.

తిరుపతి టు టెర్మినీ:

రోమ్ గురించి క్లుప్తంగా. టెర్మినీ రైల్వే స్టేషన్ నుంచి వాటికన్ వైపు పోయే 64వ నంబరు బస్సుకి జేబుదొంగల బస్సని పేరు, బదులుగా మెట్రో ఎ లైన్లో ఒట్టావియానో దిగండి. అక్కడ మెట్లెక్కగానే "లైను లేకుండా వాటికన్" అంటూ మెళ్లో కార్డులేసుకున్నవాళ్లు చుట్టుముడతారు, వాళ్లు ఏజెంట్లు. టికెట్ ముందే వాటికన్ మ్యూజియమ్స్ సొంత సైటులో తీసుకోండి. కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డుతో సరిచూస్తారు, కాబట్టి బయట కొన్న వేరేవాళ్ల టికెట్ దండగే. గ్లాడియేటర్ వేషగాళ్లతో ఫోటో దిగితే డబ్బు అడుగుతారు. స్టేషన్లో సామాను ఎక్కించి పెడతామని చెయ్యేసేవాళ్లకి "నో" అని గట్టిగా చెప్పండి. కాగితం టికెట్‌తో రీజనల్ రైలెక్కేముందు ప్లాట్‌ఫాం మీద మెషీన్లో ముద్ర వేయించాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా.

ఎవరైనా మీద చెయ్యేస్తే తెలుగులోనే గట్టిగా అరవండి. వాళ్లకి కావలసింది ఎవరి కళ్లూ పడకపోవడం. ఏ భాషైనా నలుగురూ తిరిగి చూస్తారు.

నల్లకుంట నాని:

అందరికీ థ్యాంక్సండీ, టైలరు దగ్గరికి రేపే వెళ్తున్నా. ఒక్కటే మిగిలింది. పారిస్ షార్ల్ ద గాల్‌లో పొద్దున 7కి దిగుతాం, హోటల్ రిపబ్లిక్ దగ్గర. నలుగురం, నాలుగు పెట్టెలు. ఆర్‌ఈఆర్ బి ఎక్కొచ్చా, టాక్సీయా?

సీన్ ఒడ్డు:

టాక్సీ. లెక్క మీరే చూడండి. 2025 రేట్ల ప్రకారం ఎయిర్‌పోర్టు రైలు టికెట్ మనిషికి 13, నలుగురికి 52 యూరోలు. టాక్సీకి ప్రభుత్వం కట్టిన ధర నదికి ఉత్తరపు ఒడ్డున 56, దక్షిణపు ఒడ్డున 65, బండికి, మనిషికి కాదు. రిపబ్లిక్ ఉత్తరపు ఒడ్డే. బయల్దేరే ముందు ఆ ఏడాది ధర ఓసారి సరిచూసుకోండి. నాలుగు యూరోల తేడాకి రాత్రంతా విమానంలో నిద్రలేని పెద్దవాళ్లతో, నాలుగు పెట్టెలతో ఆఫీసు వేళ ఆర్‌ఈఆర్ బి ఎక్కి గార్ దు నోర్‌లో మారడం దేనికి?

అరైవల్స్ హాల్లో "టాక్సీ?" అని పలకరించేవాడు టాక్సీ డ్రైవరు కాదు, బోర్డు పట్టుకున్నా సరే. బయట టాక్సీ గుర్తులు చూసుకుంటూ వెళ్లి లైన్లో నిలబడండి. కారు పైన దీపం ఉండాలి, ఆకుపచ్చ వెలిగితే ఖాళీ, ఎరుపైతే మనిషి ఉన్నట్టు. ఎక్కేముందే ధర అడగండి, కార్డు తీసుకుంటారు. పెట్టెలకి అదనం లేదు, ఐదో మనిషికి మాత్రం ఉంటుంది. పెట్టెలు డిక్కీలో పడ్డాక అమ్మానాన్నల్ని ముందు కూర్చోబెట్టి మీరు ఆఖర్న ఎక్కండి. దిగేటప్పుడు మీరే ముందు దిగండి.